దబ్బనం జేబు

మొన్న ఆదివారం నల్లకోటు ఇస్త్రీకి ఇద్దామని జేబులు తడుముతుంటే చూపుడు వేలికి ఏదో కసుక్కున గుచ్చుకుంది. నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇక్కడ రాయలేను. పక్కగదిలోంచి మా నాయనమ్మ "ఎవర్నే గట్ల తిడుతున్నవ్?" అని అరిచింది. "కోటును" అన్నాను. "కోటేం జేసిందే పాపం! నీ కోపానికి బట్టలు గూడ ఆగయా?" అంది. నిజమే, కోటేమీ చేయలేదు. దాని లోపల ఎడమవైపు, పెన్ను పట్టేంత సన్నటి జేబు ఒకటి ఉంది. అందులో తెల్లదారం చుట్టిన దబ్బనం ఉంది, కాగితాల కట్టలు కుట్టే లావు సూది. దాన్ని అక్కడ పెట్టింది నేనే, మర్చిపోయిందీ నేనే.

దానికి ముందురోజే రుబీనా అనే అమ్మాయి మలక్‌పేట నుంచి నా వకీలు ఆఫీసుకు వచ్చింది. లా మూడో సంవత్సరం. "అక్కా, నలభై మెయిల్స్ పెట్టిన, ఒక్కరు గూడ రిప్లై ఇస్తలేరు. మీ దగ్గర ఇంటర్న్‌షిప్ ఇస్తరా?" అని అడిగింది. అడుగుతున్నంతసేపూ ఆమె చూపు సగం నా మీద, సగం ఫోన్ మీద. నాకు చర్రున కోపం వచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆలోచించుకుని సోమవారం చెప్తానన్నాను. ఆదివారం పొద్దున దబ్బనం గుచ్చుకుంది. ఇంక ఆలోచించడానికి ఏముంది, వేలు నోట్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని నేను లా చదివే రోజుల్లోని ఒక మాఘమాసం సంగతులన్నీ తవ్వుకున్నాను. నీకింకా ముప్ఫై నిండలేదు, జ్ఞాపకాలేంటే అని అమ్మ నవ్వుతోంది. నవ్వనీ. కొన్ని విషయాలు ముప్ఫై దాకా ఆగవు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి, మూడో అంతస్తు. కింద అంతస్తులో కోచింగ్ పిల్లల హాస్టల్. తెల్లవారేసరికి వాళ్ళ ఇడ్లీ ఆవిరి, బకెట్ల చప్పుడు, ఎవడో ఒకడు గట్టిగా చదివే జనరల్ నాలెడ్జి మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేవి. అమ్మ ఆ బిట్లు విని విని టీవీలో ప్రశ్నల పోటీ వస్తే నాకంటే ముందే జవాబులు చెప్పేది. డాడీ చీరల షాపులో సేల్స్‌మన్. "పోచంపల్లిల మగ్గం దిగి గీడ కౌంటర్ ఎక్కిండు" అంటుంది నాయనమ్మ. ఆయన చేతికి ఏ బట్ట చిక్కినా చీరలాగే మడత పడుతుంది. టవలూ అంతే, దుప్పటీ అంతే. నా జీన్స్ ప్యాంటుక్కూడా అంచు ఎక్కడుందో వెతికి, దాన్ని బయటికి కనిపించేలా పెట్టి మడుస్తాడు. చుట్టాలెవరైనా వస్తే "కూర్చోండి" అనడానికి బదులు అలవాటుగా "చూడండి" అంటాడు. వాళ్ళు ఏం చూడాలో తెలియక గోడలు చూస్తారు.

నాయనమ్మ పెళ్ళైన దగ్గర్నుంచి పోచంపల్లిలో నూలుకు చిటికి కట్టింది. రంగు ఎక్కకూడని చోట పోగుల్ని గట్టిగా బిగించి ముడి వేయడమే ఆ పని. ముడి వదులైతే రంగు లోపలికి జారుతుంది, చీర మీద పువ్వు చెదిరిపోతుంది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కానీ పప్పు పొట్లం మూతి అయినా, పూలదండ అయినా ఆవిడ ముడి వేసిందంటే కత్తెర తెచ్చుకోవాల్సిందే. ఆవిడ ట్రంకు పెట్టె తెరిస్తే ఇప్పటికీ ఏదో రంగు, కొంచెం నూనె కలిసిన వాసన వస్తుంది. ఇక నేను. ఛార్జర్ వైరు ఎంత పొడుగో నా ప్రపంచం అంత పొడుగు. కోపమేమో వైరు అక్కర్లేకుండానే ఛార్జ్ అయ్యేది.

ఆ రోజుల్లో మా కాలేజీలో ఒక రూలు ఉండేది. నెలరోజులు ఒక అడ్వకేటు దగ్గర పనిచేసి, సంతకం పెట్టించుకున్న సర్టిఫికెట్ తెచ్చి డైరీలో అతికించాలి. లేకపోతే ఆ పేపరు పోయినట్టే, సంవత్సరం వెనకబడ్డట్టే. నేను బోర్లా పడుకుని ఫోన్‌లోంచి మెయిళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. పెద్ద పెద్ద అద్దాల ఆఫీసులు, టై కట్టుకున్న ఫోటోలు. ఒకే మెయిలును పేరు మార్చి మార్చి పంపాను. ఒక చోట మార్చడం మర్చిపోయాను. ఒక సంస్థకు రాసిన ఉత్తరంలో "మీ పోటీ సంస్థ అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం" అన్నంత పని చేశాను. ఆ ఒక్కరే జవాబిచ్చారు, తప్పు చిరునామా అని. మా క్లాసులో సగంమంది అసలు వెతకనే లేదు. నా ఫ్రెండ్ ఒకతె "మా బాబాయి అడ్వకేటే కదనే. సర్టిఫికెట్ రాసిస్తడు, పోవుడు గూడ అక్కర్లే" అంది. నేను వద్దన్నాను. అదేదో నీతి అనుకోకండి, పొగరు. నా అంతట నేను తెచ్చుకోలేనా అని.

డాడీ అన్నం తింటూ మెల్లగా కదిపాడు. "మా షాపుకు ఒక మేడమ్ ఒస్తది బిడ్డా. లాయరమ్మ. కాటన్ చీరలే కొంటది. ఎల్బీ నగర్ కోర్టు కాడ ఆఫీసు. అడగాల్నా?"

"డాడీ, నువ్వు చీర చూపెట్టుకుంట ఇంటర్న్‌షిప్ అడుగుతవా? ఇజ్జత్ ఉండదా?"

"చీర జూపెట్టుకుంటనే నీ కాలేజీ ఫీజు గట్టిన. గప్పుడు లేని ఇజ్జత్ గిప్పుడు యాడికెళ్ళి ఒచ్చింది?"

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. మర్నాడు డాడీ అడిగేశాడు. ఆమె రమ్మంది.

వసుంధర మేడమ్ ఆఫీసు ఎల్బీ నగర్‌లో కోర్టు వెనక సందులో, జిరాక్స్ షాపు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే కింద నుంచి జిరాక్స్ మిషన్ వేడి వాసన, పక్కబండి మిర్చీబజ్జీ వాసన, పైకి వెళ్ళాక జిగురు, అగరొత్తి వాసన వచ్చేవి. మేడమ్‌ది గుంటూరు వైపు. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళయినా మాట మారలేదు. ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేది. పెన్సిళ్ళు బ్లేడుతోనే చెక్కేది. స్టేప్లర్ అంటే పగ. "స్టేపులు తుప్పు పడతాయమ్మాయ్. మన కేసులు వాటికంటే ఎక్కువ కాలం బతుకుతాయి" అనేది. మొదటిరోజు నేను నిలబడి ఉండగానే బల్ల సొరుగులోంచి పాత బిస్కెట్ డబ్బా తీసి మూత తెరిచి నా ముందుకు తోసింది. నాకు బిస్కెట్ పెడుతోందనుకుని చెయ్యి పెట్టాను. ఖాళీ.

"ఫోను అందులో వెయ్యి."

"ఎందుకు మేడమ్?"

"ఇక్కడికొచ్చేవాళ్ళు వాళ్ళ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతులు చెప్తారు. ఆ టైములో నీ చేతిలో అది వెలుగుతుంటే వాళ్ళకు మాట రాదు. కోపం ఎక్కువా నీకు?"

"లేదు మేడమ్."

"ఎక్కువే. మీ నాన్నగారు చెప్పారు."

డాడీ మీద కోపంతోనే డబ్బాలో ఫోన్ వేశాను. తర్వాత నా చేతికి దబ్బనం, తెల్లదారం ఉండ వచ్చాయి. మూడేళ్ళు రాజ్యాంగం చదివినదాన్ని, కాగితాలకు కన్నాలు పొడవడానికి కూర్చున్నాను. నేను కుట్టిన మొదటి కట్ట కోర్టు వరండాలో విడిపోయి, అఫిడవిట్లు గాలికి ఎగిరాయి. ప్యూన్లు, పోలీసులు, ఎవరో కక్షిదారులు అందరూ పరిగెత్తి పట్టుకున్నారు. ఇంటికొచ్చి ఏడుపు మొహంతో చెప్తే నాయనమ్మ దారం తెమ్మంది. వణికే చేతులతో నా చెయ్యి పట్టుకుని ముడి నేర్పింది. "గుంజి గట్టొద్దే. ఆనిచ్చి గట్టాలె. గుంజితే పోగు తెగుతది" అంది. ఆ తర్వాత నా కట్ట ఒక్కటీ విడిపోలేదు. మేడమ్ ఒకటి రెండుసార్లు ముడి లాగి చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టింది. ఆమె దగ్గర అది మెచ్చుకోలు.

పదిహేను రోజుల్లో నాకు తెలిసినవి ఏ పుస్తకంలోనూ లేవు. కేసు పిలిచేటప్పుడు మన సీనియర్ ఇంకో కోర్టులో ఉంటే జూనియర్ లేచి "కొంచెం ఆగి పిలవండి" అని అడగాలి, అది కూడా అడ్వకేట్లే అడగాలి, మాలాంటివాళ్ళు నోరెత్తకూడదు. వచ్చిన మనిషి మొదట చెప్పేది అసలు బాధ కాదు, రెండో కాఫీ తర్వాత చెప్పేదే బాధ. ఏడుస్తున్న మనిషికి సెక్షన్ చెప్పకూడదు, నీళ్ళివ్వాలి. కేసు కాగితంలో 'వాది' అని రెండక్షరాలుండే చోట కోర్టు వరండాలో టిఫిన్ డబ్బాతో కూర్చున్న ఒక నిజమైన మనిషి ఉంటుంది. నాకు అలా దొరికిన మనిషి అండాలక్క.

అండాలక్క లేడీస్ టైలర్. మా దిల్‌సుఖ్‌నగర్‌లోనే. రోడ్డు మీది చిన్న షాపు గదిని మా దగ్గర మల్గి అంటారు, అలాంటి ఒక మల్గిలో ఇరవై ఏళ్ళుగా కిరాయికి ఉంది. ఓనర్‌కు ఆ మల్గి సెల్‌ఫోన్ షాపువాళ్ళకు ఇవ్వాలని ఉంది. రేపోమాపో మనుషుల్ని తెచ్చి మిషన్లు బయట పారేస్తానని బెదిరిస్తున్నాడు. మెడలో టేపు తియ్యకుండానే ఆఫీసుకు వచ్చింది. "ఖాళీ జెయ్యనంటలేను మేడమ్. కోర్టుల గెలిచి అడగమను, పోత. గిట్ల గల్లీ పోరగాండ్లను దెచ్చి ఎల్లగొడతనంటే ఎట్ల? మాఘమాసం, పెండ్లి జాకెట్లు కుప్పలున్నయ్."

మేడమ్ నాకు విషయం విడమరిచి చెప్పింది. ఓనర్‌కు తెలిసేలోపే దావా వేసి, బలవంతంగా ఖాళీ చేయించకూడదని కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోవాలి. అతనికి ముందే తెలిస్తే కేవియట్ వేస్తాడు, అంటే 'నన్ను పిలిచి అడగకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వొద్దు' అనే కాగితం. అది పడితే ఆ రోజు ఉత్తర్వు రాదు. "కాబట్టి ఇది శుక్రవారం పొద్దున వేస్తున్నాం. అప్పటిదాకా ఈ సంగతి గది దాటకూడదు" అంది. దావా మొదటి ముసాయిదా నన్నే రాయమంది. నాలుగుసార్లు కొట్టేసి, ఐదోసారి ఒక పేరా అలాగే ఉంచింది. ఒక్క పేరా. దాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

గురువారం సాయంత్రం కట్ట కుట్టడం అయిపోయింది. నాయనమ్మ ముడి, నీటుగా. మేడమ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను ఇంటికి బయల్దేరుతూ డబ్బాలోంచి ఫోన్ తీసుకున్నాను. కట్ట బల్ల మీద ఉంది, కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. ఇంకేముంది, ఒక ఫోటో. కింద "నా ఫస్ట్ కేస్. రేపు చూడండి" అని రాసి, ఒక మంట బొమ్మ పెట్టి, స్టేటస్ పెట్టేశాను. మెట్లు దిగేసరికి పన్నెండుమంది చూశారు.

శుక్రవారం దావా వేసిన గంటకే మేడమ్‌కు తెలిసింది, మాకంటే ముందే ఓనర్ తరపున కేవియట్ పడిందని. ఇప్పుడతన్ని పిలవకుండా ఏమీ జరగదు, కేసు సోమవారానికి వెళ్ళింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఎలా తెలిసింది వాళ్ళకి?" అంది, ఎవరినీ కాకుండా. నాకు మాత్రం క్షణంలో దొంగ దొరికాడు. కింద జిరాక్స్ షాపు యాదగిరన్న. దావా కాపీలు తీసింది అతనే కదా. నేను రెండేసి మెట్లు దూకి దిగి, షాపు ముందు పదిమంది ఉండగానే అందుకున్నాను.

"యాదగిరన్నా, ఎంత కక్కుర్తి నీకు! మా కేసు కాయితాలు ఎవనికి చూపెట్టినవ్?"

యాదగిరన్న మిషన్ ఆపాడు. "ఏం కాయితాలమ్మా?"

"యాక్టింగ్ జెయ్యకు. నీ తాన కాపీ దీసినం, పొద్దుగాల్నే వాళ్ళకు తెలిసింది!"

"పదిహేనేండ్లకెల్లి గీ కోర్టు కాయితాలు జిరాక్స్ దీస్తున్న" అన్నాడు నెమ్మదిగా. "ఒక్కటి సదువలే. సదివే టైముంటే నేను గూడ లాయరయితుంటి." పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను గెలిచినట్టే మొహం పెట్టుకుని పైకెక్కాను.

శనివారం పొద్దున ఇంట్లో డాడీ షాపుకు తయారవుతూ, చాయ్ గ్లాసు పట్టుకుని తెగ సంబరంగా ఉన్నాడు. "నిన్న మా షాపుల అందరు నీ ముచ్చటనే బిడ్డా. సురేష్ లేడా, మా పక్క కౌంటర్ పోరడు, నీ స్టేటస్ జూసి అందరికి చూపెట్టిండు. 'అన్నా, మీ నవ్య లాయరయింది, మా మేనమామ మీదనే కేసేసింది సూడు' అని ఒకటే నవ్వు. మొన్న రాత్రి జూడంగనే మామకు గూడ ఫోన్ గొట్టి చెప్పిండట."

చేతిలో బిస్కెట్ చాయ్‌లో మునిగి విరిగిపోయింది. ఫోటో తెరిచి చూశాను. కట్ట పై పేజీ. వేలితో పెద్దది చేశాను. అండాలక్క పేరు, దాని కింద ఓనర్ పేరు, అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ఎండ కూడా సరిగ్గా వాటి మీదే పడింది. డాడీ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఏమైంది బిడ్డా, మంచిగనే ఒచ్చింది గద ఫోటో?" అన్నాడు. ఆయన్ని తిట్టలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగాక డాడీ మీద కోపం రాని మొదటి పొద్దు అదే అనుకుంటాను. అప్పుడే ఫోన్ మోగింది. మేడమ్. "అండాలమ్మ గారి షట్టర్‌కి ఓనర్ రెండో తాళం వేశాడట. జాకెట్లన్నీ లోపలే ఉన్నాయి. మూడ్రోజుల్లో పెళ్ళిళ్ళు. నువ్వు రా."

వెళ్ళాను. నిలబడే చెప్పేశాను, స్టేటస్, సురేష్, అన్నీ. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకూ అరవడానికి వీలుండేది. ఆమె కాఫీ ఫ్లాస్కుకు మూత పెట్టి, "అండాలమ్మ గారికి ఎవరు చెప్పాలి?" అంది.

"మీరు..."

"నేనెందుకు చెప్పాలమ్మాయ్? ఫోటో నేను తీశానా?" అంది. తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "నీ సర్టిఫికెట్ మీద నా సంతకం ఆవిడ పెట్టమంటే పెడతాను. ఆవిడ వద్దంటే నీ సంవత్సరం పోతుంది. నన్ను బతిమాలకు, అది ఇక నా చేతిలో లేదు."

మెట్ల కింద యాదగిరన్న ఉన్నాడు. "అన్నా, నువ్వు కాదు. నేనే" అన్నాను. అతను కాగితాల కట్ట దులిపి మిషన్‌లో పెడుతూ "నిన్న పదిమందిల అన్నవ్, గిప్పుడు ఎవ్వలు లేనప్పుడు జెప్తున్నవ్. జరసేపాగు, గిరాకీ రానీ" అన్నాడు. ఆగాను. నలుగురు వచ్చాక మళ్ళీ చెప్పాను, గట్టిగా. "ఆఁ, గట్ల" అని మిషన్ ఆన్ చేశాడు.

అండాలక్క తన షట్టర్ ముందే స్టూల్ వేసుకుని కూర్చుని ఉంది. షట్టర్‌కు రెండు తాళాలు, ఒకటి పాతది, ఒకటి మెరుస్తున్నది. మెడలో టేపు, ఒళ్ళో ఎవరిదో సగం కుట్టిన లంగా అంచు, చేత్తో పని చేస్తూనే ఉంది. నేను చెప్తున్నంతసేపూ సూది ఆగలేదు. అయిపోయాక దారం పంటితో కొరికి నా వైపు చూసింది.

"నా పేరు కనవడ్డదా ఫోటోల?"

"పడ్డదక్కా."

"సక్కగ పడ్డదా?"

తలూపాను. ఆమె తల పైకెత్తి తన బోర్డు చూపించింది. ఎండకు వెలిసిన బోర్డు మీద 'లేడీస్ టైలర్' అని మాత్రమే ఉంది. "ఇరవయ్యేండ్లు గీడ కూసున్న. ఓనర్ కోపానికొస్తడని బోర్డు మీద గూడ పేరు రాయించుకోలే. నువ్వొచ్చి ఒక్కనాడే ఊరంత రాయిస్తివి" అంది. నాకు ఆ రోజు వరకూ తెలియదు, ఎవరైనా తిట్టకుండా కూడా ఇంత తిట్టగలరని.

సోమవారం కోర్టులో ఓనర్ తరపు వకీలు గడువు అడిగాడు, జడ్జిగారు రెండువైపులా వింటానని తేదీ ఇచ్చారు. అదే జరుగుతుందని మేడమ్ ముందే చెప్పింది. పోరాడితే గెలుస్తాం, కానీ తాళం తీయించడానికి రోజులు పడుతుంది. పెళ్ళిళ్ళు మర్నాడే. వరండాలో ఇద్దరు వకీళ్ళు మాట్లాడుకున్నారు. తాళం ఈ సాయంత్రమే తీస్తాం, మూడు నెలల్లో ఖాళీ చేస్తానని రాసివ్వాలి అన్నారు వాళ్ళు. మేడమ్ వద్దంది. అండాలక్క ఒప్పుకుంది. "ఆర్డరు రేపొస్తదో ఎల్లుండొస్తదో మేడమ్. ముహూర్తం ఆగదు గద. పెండ్లిపిల్లల జాకెట్లు ఆపి నేనేం గెలుస్త?" అంది. సాయంత్రం తాళం తీశారు. జాకెట్లన్నీ పెళ్ళిళ్ళకు అందాయి. ఇరవై ఏళ్ళ చోటు మాత్రం పోయింది. ఒక ఫోటో వల్ల.

నా నెలరోజులు అయిపోయాయి. సర్టిఫికెట్ టైపు చేయించి తీసుకెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. ఆ బదులు రోజూ కాలేజీ అయ్యాక మల్గికి వెళ్ళేదాన్ని. అండాలక్కకు కర్మన్‌ఘాట్‌లో, హనుమాన్ గుడి నుంచి లోపలికి వెళ్ళే సందులో కొత్త మల్గి దొరికింది. బాధల్లా గిరాకీ గురించే. కస్టమర్లంతా దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు, అంతదూరం ఎవరొస్తారు? ఆమె దగ్గర కొలతల పుస్తకాలుండేవి, ఇరవై ఏళ్ళవి, సంచి నిండా. ఒక్కో పేజీలో భుజం, నడుం, చంక, పక్కన పేరు, ఫోన్ నంబరు. నేను ఆ నంబర్లన్నీ నా ఫోన్‌లోకి ఎక్కించుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "అండాలక్క దగ్గర్నుంచి మాట్లాడుతున్న" అంటే మొదట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు, టైలరమ్మ పేరు అండాలని వాళ్ళకు తెలియదు. ఒకామె "జాకెట్ బిగుతైతే మల్ల లూజు జేస్తది, గామెనా?" అంది. "గామెనే" అన్నాను. ఇంకొకామె ఐదేళ్ళ కిందటి జాకెట్ గురించి నన్ను పావుగంట తిట్టింది. నేను, తిట్టినవాళ్ళను ఊరికే వదలని నేను, ఫోన్ చెవికి ఆనించి "సరే అక్కా, సరి చేయిస్తనక్కా" అన్నాను. అండాలక్క మిషన్ తొక్కుతూ ఓరకంట చూసి నవ్వుకుంది.

కొత్త మల్గి తెరిచిన రోజు బోర్డు ఎక్కింది. 'అండాలు లేడీస్ టైలర్', పెద్ద ఎర్ర అక్షరాలు, కింద ఫోన్ నంబరు. అండాలక్క రోడ్డుకు అవతలివైపు వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, చాలాసేపు చదువుకుంది. ఉన్నవి మూడే మాటలు. తిరిగొచ్చి "మేడమ్‌కు ఫోన్ జెయ్యి" అంది. చేసిచ్చాను. "మేడమ్, గీ పోరికి సంతకం పెట్టుండ్రి. పనిమంతురాలే. నోరే జర తిప్పలు" అంది. సర్టిఫికెట్ మీద మేడమ్ మామూలుగా అందరికీ రాసే వాక్యమే రాసింది, పని సంతృప్తికరంగా ఉందని. నేను కొంచెం నిరాశపడ్డాను. అప్పుడు పక్కనే తన దబ్బనం పెట్టి, "ఇది కూడా తీసుకెళ్ళు, నీ ముడి నాకు రాదు" అంది.

చదువయ్యి, వకీలుగా పేరు నమోదు చేయించుకున్నాక నల్లకోటు అండాలక్క దగ్గరే కుట్టించుకున్నాను. మగవాళ్ళ కోట్లకుంటాయే, అలా లోపలివైపు ఫోన్‌కు జేబు పెట్టమన్నాను. "ఫోనుకు జేబు లేదు నా కోటుల" అంది. ఎంత చెప్పినా వినలేదు. కోటు తెచ్చుకుని చూస్తే గుండెకు ఎడమపక్క ఈ సన్నటి జేబు. ఏంటక్కా ఇది అంటే, "నీ దబ్బనం వెట్టుకో. ఫోనుకు చెయ్యి పోయినప్పుడల్ల గుచ్చుతది" అంది. ఇన్నాళ్ళకు మొన్న ఆదివారం నిజంగానే గుచ్చింది.

ఇప్పుడు రుబీనాలాంటివాళ్ళకు వెతకడం మాకంటే సులువు అంటారు. సైట్లున్నాయి, గ్రూపులున్నాయి, ఇంట్లో కూర్చుని నాలుగు వీడియోలు చూస్తే సర్టిఫికెట్ పంపేవాళ్ళున్నారు. అప్పుడు నా ఫ్రెండ్ బాబాయి చేసిన పనే ఇప్పుడు రంగుల్లో వస్తోంది. నాకు కోపమే. సర్టిఫికెట్ దొంగదైతే నష్టం కాలేజీకి కాదు. ఒక మనిషి ఇల్లో, మల్గో, పిల్లలో మన చేతిలోని కాగితంలో ఉన్నారని తెలియకుండానే ఒకరోజు నల్లకోటు వేసుకుని లేచి నిలబడతాం. నేను తప్పు చేసినప్పుడు నా పైన మేడమ్ ఉంది, కింద యాదగిరన్న ఉన్నాడు, ఎదురుగా అండాలక్క ఉంది. అదే తప్పు సొంత ఆఫీసులో, సొంత సంతకం కింద చేసి ఉంటే ఎవరుండేవారు? అందుకే నాలుగు అంతస్తుల అద్దాల ఆఫీసే కానక్కర్లేదు. మీ ఇంటికి దగ్గరి కోర్టుకు వెళ్ళండి, రోజూ పొద్దున్నే వచ్చే పాత వకీలు ఎవరో చూడండి, అడగండి. చీర చూపిస్తూ అడిగినా ఇజ్జత్ పోదు. నాది పోలేదు.

సోమవారం రుబీనా వచ్చింది. బిస్కెట్ డబ్బా ముందుకు తోశాను. నాలాగే చెయ్యి పెట్టి ఖాళీ అని చూసింది. ఫోన్ వెయ్యమంటే మొహం మాడ్చింది. "మరి ఫస్ట్ డే అని ఒక్క స్టేటస్ పెట్టుకోవద్దా అక్కా? ఒక్కటే." బల్ల మీద ఎవరివో కాగితాలు, పేర్లు పైకి కనిపిస్తూ ఉన్నాయి. నా కోపం అరికాళ్ళ నుంచి బయల్దేరింది, గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"కర్మన్‌ఘాట్‌ల అండాలు లేడీస్ టైలర్ అని ఉంటది. పొయ్యి ఆమెనడుగు. ఆమె పెట్టుకోమంటే పెట్టుకో" అన్నాను.

ఎందుకో అర్థంకాక వెళ్ళింది. గంటన్నర తర్వాత వచ్చింది. నా వైపు చూడకుండా ఫోన్ తీసి డబ్బాలో వేసి, మూత కూడా తనే పెట్టింది. తర్వాత దారం ఉండ దగ్గరకు లాక్కుంటూ మెల్లగా అంది:

"కోటు కొలతలు గూడ దీస్కున్నదక్కా. ఇంక రెండేండ్లుంది నాకు అంటే ఇంటలేదు. జేబు మాత్రం సన్నగనే పెడ్తదట."